క్షతగాత్రులను మోసిన హెలికాప్టరు: నలభై ఎనిమిదో వంతు నమూనా

సాధారణంగా ముందు యంత్రం పుడుతుంది, దానిని చూసి బొమ్మ తయారవుతుంది. పట్టాల మీద రైలు నడిచిన తరువాతనే సంతలో రేకు రైలు అమ్ముడయింది. కాని ఒక హెలికాప్టరు విషయంలో ఈ వరుస తలక్రిందులయింది. ముందు బొమ్మ ఎగిరింది, దాని వెనుక యంత్రం ఎగిరింది. ఆ యంత్రం పేరు బెల్ 47. అమెరికా సైన్యంలో దానిని హెచ్-13 అన్నారు. ‘సూ’ అనే అక్కడి ఆదివాసీ తెగ పేరు కూడా దానికి పెట్టారు. ముందుభాగమంతా పారదర్శకమైన పెద్ద బుడగ, వెనుక తోక స్థానంలో పూత కూడా లేని ఇనుప గొట్టాల అల్లిక, క్రింద రెండు జారుడు కమ్ములు. కొరియా యుద్ధపు ఛాయాచిత్రాలు చూసినవారికి ఈ రూపం వెంటనే గుర్తుకు వస్తుంది.

ఈ ఏడాది షాబాన్‌లో మదర్సాకు సెలవులు ఇచ్చిన తరువాత, తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మేనల్లునితో కలిసి ఈ హెలికాప్టరు నమూనాను తయారుచేశాను. ప్లాస్టిక్ భాగాల పెట్టె వాని తండ్రి తెప్పించినది. ఓర్పు మాత్రం మేమిద్దరం చెరిసగం పెట్టుకొన్నాము. చదువుకొనే పిల్లలున్న ఇళ్ళకు ఈ పని ఎంతవరకు తగునో పాఠకులే తేల్చుకోవాలి. నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మొదట ఆ ఎగిరిన బొమ్మ సంగతి. ఆర్థర్ యంగ్ అనే అమెరికా యువకుడు 1927లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర పట్టా పుచ్చుకొన్నాడు. జీవితకాలాన్ని వెచ్చించదగిన సమస్య ఏదని వెదికి హెలికాప్టరును ఎంచుకొన్నాడు. ఆనాటికి హెలికాప్టరు ఒక ఆశ మాత్రమే. ఎవరు చేసినా అది కొంచెం లేచేది, ఊగేది, బోల్తాపడేది. యంగ్ పెద్ద యంత్రం జోలికి పోలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో చిన్న చిన్న నమూనాలు చేసి ఎగురవేయసాగాడు. అవి పడిపోయేవి, విరిగేవి. విరిగినది బొమ్మ గనుక ప్రాణనష్టం లేదు, ధననష్టమూ స్వల్పమే. మరునాడు మరొకటి. ఇలా 1928 నుండి 1941 వరకు, అనగా పదమూడేళ్ళు! మన పిల్లలు ఒక లెక్క మొదటి ప్రయత్నంలో రాకపోతే పుస్తకం మూసేస్తారు.

ఆ పదమూడేళ్ళ ఫలితం ఒక చిన్న కడ్డీ. బొంగరం తిరుగుతున్నంతసేపు నిటారుగా నిలబడుతుంది, వ్రేలితో కొద్దిగా తట్టినా తన నిలకడను అంత సులభంగా వదలదు. ఇది పిల్లలందరికీ తెలిసినదే. యంగ్ రెండు కొసలలో బరువులున్న ఒక కడ్డీని పైనున్న రెక్కలకు క్రింది భాగంలో, వాటికి అడ్డంగా, లంబకోణంలో అమర్చాడు. రెక్కలతోపాటు అదీ తిరుగుతుంది. గాలి విసురుకు హెలికాప్టరు శరీరం ఒక ప్రక్కకు ఒరిగినా, తిరుగుతున్న ఆ కడ్డీ బొంగరంలాగా తన తలాన్ని తాను నిలుపుకొంటుంది. కడ్డీకి, రెక్కలకు మధ్య చిన్న లంకెలు ఉంటాయి. శరీరం ఒరిగిందీ కడ్డీ ఒరగలేదూ అన్న ఆ తేడాను ఈ లంకెలు రెక్కల వాలుగా మారుస్తాయి. అప్పుడు రెక్కలు ఒరుగును సరిదిద్దే దిశలో గాలిని పట్టుకొంటాయి. చోదకుడు చెయ్యి కదిపేలోపే సర్దుబాటు మొదలయిపోతుంది.

1941లో యంగ్ తన బొమ్మను తీసుకొని బఫెలో నగరంలోని బెల్ విమాన కర్మాగారానికి వెళ్ళాడు. అక్కడివారి ఎదుట దానిని ఎగురవేసి చూపాడు. వారు ఒప్పుకొన్నారు. చిన్ననాటి మిత్రుడు బార్ట్రమ్ కెల్లీని వెంటబెట్టుకొని యంగ్ అక్కడ చేరాడు. మొదట బెల్ 30 అనే ప్రయోగ యంత్రం వచ్చింది. అది 1942 చివర మోకులతో కట్టివుంచి లేపారు, 1943లో స్వేచ్ఛగా ఎగిరింది. 1945 డిసెంబరు 8న బెల్ 47 గాలిలోకి లేచింది. 1946 మార్చి 8న దానికి పౌర వినియోగానికి అనుమతి పత్రం లభించింది. ప్రపంచంలో అటువంటి అనుమతి పొందిన మొట్టమొదటి హెలికాప్టరు అదే. తరువాత అమెరికాలోనే గాక ఇటలీ, జపాను, బ్రిటను దేశాలలోనూ దానిని తయారుచేశారు. మన భారత వైమానిక దళం కూడా కొన్నింటిని నడిపింది. న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాలలో నేటికీ ఒక బెల్ 47 పైకప్పు నుండి వ్రేలాడుతూ ఉన్నది. చిత్రపటాలు, శిల్పాల నడుమ దానిని ఉంచడం నాకేమీ వింతగా తోచదు. దాని అందమంతా పనితనంలో నుండి వచ్చినది, అలంకారం కోసం పెట్టినది ఒక్కటీ లేదు.

లెక్క

నమూనాకు మొదటి మెట్టు జిగురు కాదు, లెక్క. మా పెట్టె మీద 1/48 అని ఉన్నది. ఈ నలభై ఎనిమిది ఎక్కడి నుండి వచ్చిందని మేనల్లుడు అడిగాడు. అడుగుకు పన్నెండు అంగుళాలు, అంగుళానికి నాలుగు పావులు, వెరసి నలభై ఎనిమిది పావులు. అనగా అసలు యంత్రంలోని ఒక అడుగు నమూనాలో పావు అంగుళం అవుతుంది. అడుగులు, అంగుళాలు వాడే దేశాలవారు పెట్టుకొన్న సులువు ఇది. 1/72 కూడా ఇటువంటిదే, అందులో ఆరడుగుల మనిషి ఒక అంగుళం.

“అయితే మామూ, పైన రెక్క ఎంత వస్తుంది?” అన్నాడు.

“ఆ కొస నుండి ఈ కొసకు ముప్పై అయిదు అడుగులు. నువ్వే చెప్పు.”

కాగితం మీద వేసి, ఎనిమిది ముప్పావు అంగుళాలన్నాడు. స్కేలు పెట్టి చూశాము. సరిపోయింది. వాని ముఖంలో వచ్చిన వెలుగును నేను తరగతి గదిలో అరుదుగా చూస్తాను. భిన్నాలను పలకమీద నేర్పడం వేరు, చేతిలోని వస్తువుతో అవి నిజమని తేలడం వేరు.

ఈ లెక్కలోనే మాకు మొదటి చిక్కు కూడా బయటపడింది. అసలు యంత్రపు తోక గొట్టాల అల్లిక గదా! ఒక అంగుళం మందం గల గొట్టం 1/48లో అర మిల్లీమీటరు కావాలి. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ తోక ఊచలు అంతకు రెండింతలకు పైగా లావు. తయారీదారుల తప్పని అనలేము. ప్లాస్టిక్‌ను అంత సన్నగా పోతపోస్తే అచ్చు నుండి తీయగానే విరుగుతుంది. అయినా దూరం నుండి చూస్తే ఆ తోక పిట్టగోడలాగా కనబడింది. దానిని పక్కన పెట్టి, ఇత్తడి తీగతో కొత్త తోక అల్లాలని నిర్ణయించుకొన్నాము.

తోక అల్లిక

ఈ పనికి మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన సాయపడ్డారు. టంకం వేయడంలో ఆయన చెయ్యి తిరిగినవారు. పద్ధతి చెబుతాను, ఓపిక ఉన్నవారు ఇంట్లోనే చేసుకోవచ్చు.

తోక అడ్డకోత త్రికోణం. పొడవునా మూడు తీగలు, వాటి మధ్య ఏటవాలు కమ్మీలు. ముందు ఒక ప్రక్క రూపాన్ని గళ్ళ కాగితం మీద కొలతకు గీయాలి. ఆ కాగితాన్ని చెక్కపలక మీద అతికించి, గీతలకు ఇరువైపుల సన్నని మేకులు కొట్టాలి. థర్మోకోల్ వాడరాదు, టంకం వేడికి కరిగి కూర్చుంటుంది. తీగను రెండు పలకల మధ్య పెట్టి దొర్లిస్తే వంకరలు పోతాయి. దానిని మేకుల నడుమ అమర్చి, గరుకు కాగితంతో అతుకుల చోట మెరిసేవరకు రుద్దాలి. మసి గాని జిడ్డు గాని ఉంటే టంకం పట్టదు.

అసలు కష్టం తరువాత వస్తుంది. ఒక అతుకు దగ్గర వేడి పెడితే ప్రక్క అతుకు కరిగి ఊడిపోతుంది. అర మిల్లీమీటరు తీగలో వేడి ప్రాకడానికి క్షణం చాలు. రేడియో పెద్దాయన చూపిన ఉపాయం చాలా సులభమైనది. అయిపోయిన అతుకు మీద తడిపిన దూది చిన్న ముద్ద పెడతారు. వేడి అక్కడికి వచ్చి నీటిలో ఆగిపోతుంది. మూడు సాయంత్రాలు ముగ్గురమూ దీనిమీదనే కూర్చున్నాము. ఇంట్లోవారు మమ్మల్ని భోజనానికి పిలిచి పిలిచి విసిగిపోయారు. తోక పూర్తయ్యాక తూచి చూస్తే చేతిలో ఏమీ లేనట్లుంది. కాని కొస పట్టుకొని వంచబోతే వంగదు.

అల్లిక ఎందుకు వంగదో అప్పుడు పిల్లవానికి చెప్పవలసి వచ్చింది. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి ఒక మూల నెడితే అది వాలిపోతుంది. మూడు పుల్లల త్రికోణం వాలదు, పుల్ల విరిగితే తప్ప దాని ఆకారం మారదు. గోదావరి మీది పాత రైలు వంతెన, సెల్ టవర్లు, ఈ తోక, అన్నింటిలోనూ ఉన్నది ఆ త్రికోణమే. తోక చివరనున్న చిన్న రెక్క పని కూడా ఇక్కడే చెప్పాలి. పై రెక్క ఒకవైపు తిరుగుతుంటే శరీరం ఎదురువైపు తిరగబోతుంది. తోకరెక్క దానిని ఆపి పట్టుకొంటుంది. తోక ఎంత పొడవుంటే అంత తక్కువ బలంతో ఆపవచ్చు. తలుపును గొళ్ళెం దగ్గర తోయడానికీ, కీలు దగ్గర తోయడానికీ ఉన్న తేడాయే ఇది.

మిగతా శరీరం విషయంలో చెప్పవలసినది కొద్దిగానే ఉన్నది. భాగాలను చట్రం నుండి చేతితో త్రుంచకుండా కటింగ్ ప్లయరుతో తీయాలి, మొలకలను ఆకురాయితో నున్నగా చేయాలి, అతికించేముందు ఒకసారి పొడిగా అమర్చి చూడాలి. ఇంజను బయటకే కనబడుతుంది గనుక దానికి రంగు ముందే వేసుకోవాలి. పెట్టె కొనదలచినవారు మరొక సంగతి గమనించాలి. ఇంజనుకు పైన రెండు ప్రక్కలా జీను సంచులలాగా రెండు ఇంధన తొట్లు ఉంటే అది తరువాత వచ్చిన ‘జి’ రకం. కొరియాలో క్షతగాత్రులను మోసినవి ప్రధానంగా ‘డి’, ‘ఇ’ రకాలు. పెట్టె మీది బొమ్మను నమ్మి కొనకూడదు, లోపలి భాగాలు చూడాలి.

బుడగ గురించి మాత్రం వివరంగా చెప్పక తప్పదు. అసలు యంత్రంలో పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను వేడిచేసి, అచ్చు లేకుండా గాలితో ఊది ఆ ఆకారం తెచ్చేవారు. అందుకే దానిలో నుండి చూపు వంకర పోదు. నమూనాలో ఆ బుడగ మీద ఒక్క గీత పడినా మొత్తం పని పాడయినట్లే కనబడుతుంది. గీత పడితే సన్నని గరుకు కాగితాన్ని తడిపి రుద్ది, తరువాత దంతధావన పేస్టును మెత్తని గుడ్డతో అద్ది రుద్దితే మళ్ళీ మెరుపు వస్తుంది. క్షణాల్లో అతికే జిగురును బుడగ దగ్గరకు రానీయరాదు. ఆ జిగురు ఆవిరి చల్లని ఉదయం కిటికీ అద్దం మీది మంచులాగా తెల్లగా పేరుకొంటుంది. చెక్కకు వాడే తెల్లని ఫెవికాల్ చాలు. అది ఆరిన తరువాత కనబడదు, అటూ ఇటూ అంటినా తడిగుడ్డతో పోతుంది.

రంగు సైనికుల ముదురాకుపచ్చ. డబ్బాలోని రంగును ఉన్నదున్నట్లు వేస్తే చిన్న వస్తువు మీద నల్లగా కనబడుతుంది. దూరాన ఉన్న కొండ పాలిపోయినట్లు కనబడుతుంది గదా! నమూనాను చూడడం కూడా అసలును దూరం నుండి చూడడం వంటిదే. కనుక నాలుగైదు చుక్కల తెలుపు కలపాలి.

రెండు పడకలు

పని ఇంతవరకు వచ్చినప్పుడు మా పొరుగున ఉండే హాజీ సాహెబ్ వచ్చి, బల్ల మీది వస్తువును చాలాసేపు చూశారు.

“మౌల్వీ సాబ్, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. ఇది యుద్ధ యంత్రం గదా. పిల్లవాని చేతికి ఇవ్వవలసినది ఇదేనా?”

ప్రశ్న న్యాయమైనది. దానిని నవ్వి తోసివేయడం నాకిష్టం లేదు. కూర్చోబెట్టి, మేము ఇంకా అతికించని రెండు భాగాలు చూపించాను. రెండంగుళాలకు లోపే పొడవున్న రెండు పడకలు అవి. జారుడు కమ్ములకు పైన, శరీరానికి ఇటొకటి అటొకటి బిగిస్తారు. ఈ హెలికాప్టరు లోపల పడుకోబెట్టే చోటు లేదు. గాయపడిన సైనికుణ్ణి బయట, ఈ పడకలో కట్టి, తలవైపు గాలి తగలకుండా కప్పు వేసి తీసుకుపోయేవారు. దారిలో ప్రక్కన ఉండి చూసేందుకు సాధారణంగా వైద్య సహాయకుడు కూడా ఉండేవాడు కాదు. చోదకుడు ఒక్కడే తల త్రిప్పి బుడగలో నుండి అతణ్ణి చూడగలిగేవాడు. కొరియా కొండల చలిలో ఆ ప్రయాణం ఎటువంటిదో ఊహించుకోవచ్చు. కాని అదే మనిషిని స్ట్రెచరు మీద కొండ దించి, గతుకుల బాటలో లారీలో తీసుకుపోతే గంటల తరబడి పట్టేది. గాలిలో నిమిషాలలో శస్త్రచికిత్సా శిబిరానికి చేరేవాడు.

1950 నుండి 1953 వరకు సాగిన ఆ యుద్ధంలో ఈ రకం హెలికాప్టర్లు దాదాపు 18,000 మందిని ఆ విధంగా చేరవేశాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రికి చేరిన అమెరికా క్షతగాత్రులలో సుమారు 4.5 శాతం మరణించగా, కొరియాలో అది 2.5 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదల ఘనతనంతా హెలికాప్టరుకే కట్టబెట్టేవారున్నారు. అది సరికాదు. రక్తం ఎక్కించే ఏర్పాట్లు మెరుగయ్యాయి, కొత్త మందులు వచ్చాయి, యుద్ధరంగానికి దగ్గరలోనే శస్త్రచికిత్స చేసే సంచార ఆసుపత్రులు వెలిశాయి. హెలికాప్టరు ఆ గొలుసులో ఒక లంకె. అయితే ఆ లంకె లేకపోతే మిగిలినవి చాలామందికి అందేవి కావు. నేడు ప్రమాదస్థలం నుండి రోగిని ఆసుపత్రికి చేర్చే హెలికాప్టరు అంబులెన్సులకు మార్గం వేసిన అనుభవాలలో ఇది ముఖ్యమైనది.

హాజీ సాహెబ్ తల ఊపారు గాని పూర్తిగా ఒప్పుకొన్నట్లు కనబడలేదు. సగం మాత్రమే చెప్పి ఒప్పించడం మంచిది కాదని మిగిలిన సగమూ చెప్పాను. ఇదే యంత్రం అదే యుద్ధంలో శత్రువు కదలికలను వెదకడానికీ, ఫిరంగుల గురి సరిచూడడానికీ, సేనాధిపతులను తిప్పడానికీ పనిచేసింది. 1963లో ఆ కంపెనీవారు బెల్ 47నే మార్చి, తుపాకులు బిగించి ‘సూ స్కౌట్’ అనే ప్రయోగ యంత్రం చేశారు. దాని అనుభవంతోనే తరువాత ‘కోబ్రా’ అనే దాడి హెలికాప్టరు వచ్చింది. ఒకే కొమ్మకు పడకా కాసింది, తుపాకీ కాసింది. మేము మా నమూనాకు పడకలు పెట్టాము.

“పెట్టినవాని మీద ఉంటుందన్నమాట,” అన్నారాయన. తరువాత నా మేనల్లుని వైపు తిరిగి, “ఈ పడకలో పడుకొన్నవాడు బ్రతికాడా బేటా?” అని అడిగారు.

వాడు నా ముఖం చూశాడు. నేను మాట్లాడలేదు. “చాలామంది బ్రతికారు చాచా. అందరూ కాదు,” అన్నాడు. లెక్కలోని 2.5 శాతాన్ని వాడు ఆ మాటలో పెట్టాడని నాకు అర్థమయింది.

సికింద్రాబాదు వైపు ఉండే పాఠకులు హకీంపేట మీదుగా వెళ్ళేటప్పుడు తలపైన ‘చేతక్’ హెలికాప్టర్లను చూసే ఉంటారు. వైమానిక దళం వారి హెలికాప్టరు శిక్షణ పాఠశాల అక్కడే ఉన్నది. చేతక్ ఫ్రెంచివారి రూపకల్పన. దానికి పైన మూడు రెక్కలు, ఇంజనేమో టర్బైను రకం. బెల్ 47కు రెండే రెక్కలు, మోటారు కారు మాదిరి పిస్టన్ల ఇంజను. ఇక్కడివారు ఆ తేడాలు పిల్లలకు ఆకాశంలోనే చూపవచ్చు. నమూనా పెట్టె కొనే స్తోమత లేకపోతే విచారించనవసరం లేదు. అవి చౌక కావు, మనవైపు సులువుగా దొరకవు కూడా. అట్టముక్క, అగరుబత్తి పుల్లలు, కట్టుతీగ, పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా అడుగు భాగం ఉంటే బుడగతో సహా బెల్ 47 రూపం వస్తుంది. కొలత మాత్రం తప్పరాదు. కొలత వదిలితే అది ఆటవస్తువు అవుతుంది. అదీ మంచిదే, కాని అది వేరే పని.

చివరికి పై రెక్కలు మిగిలాయి. అసలు యంత్రంలో అవి ఒకే కీలు మీద తక్కెడ దండెలాగా ఊగుతాయి. ఒకటి లేస్తే రెండవది దిగుతుంది. తొలి రోజుల్లో వాటిని పొరలుపొరలుగా అతికించిన కొయ్యతో చేసేవారు. నమూనాలో వాటిని బిగించి అతికించకుండా, నడుమ సన్నని గుండుసూది గ్రుచ్చి వ్రేలితో తాకితే ఊగేటట్లు అమర్చాము. వాటి క్రింద, లంబకోణంలో, యంగ్ కడ్డీ. రెండు కొసలలోనూ ఆవగింజంత టంకపు చుక్కలు పెట్టాము, బరువుల స్థానంలో. పెట్టెలో వచ్చిన మనుషుల బొమ్మలను పెట్టెలోనే ఉంచాము. చోదకుని ఆసనం ఖాళీగానే ఉన్నది.

పడకలు మాత్రం ఖాళీగా ఉంటే బాగుండలేదని మా ఇంటావిడ అన్నారు. పలుచని కాగితాన్ని తేనీటి డికాక్షనులో ముంచి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి రెండు చిన్న కంబళ్ళు చేసి ఇచ్చారు. మేనల్లుడు శ్రావణంతో వాటిని ఒక్కొక్క పడకలో ఒకటి చొప్పున సర్దాడు. ఒక కంబళి మడత విప్పి ఉన్నది, రెండవది మడిచే ఉన్నది. అలా ఎందుకని అడిగితే, ఒకరిని అప్పుడే దించేశారనీ, రెండవవాని కోసం వెళ్ళవలసి ఉందనీ చెప్పాడు.